తిరగరాసుకోగల పాఠం

2001 ఏప్రిల్‌లో అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల్లో దాదాపు అన్నింటి సామగ్రినీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడతానని ప్రకటించింది. పాఠాలమ్మి లాభం చేసుకునే దారులు విశ్వవిద్యాలయాలు వెతుక్కుంటున్న రోజులవి. మరుసటి ఏడాది 50 కోర్సులతో మొదలైన పని 2007 నాటికి 1,800కు చేరింది. ఈలోగా, 2002 జులైలో పారిస్‌లో జరిగిన యునెస్కో సమావేశం ఇలాంటి వాటికి ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ అని పేరు పెట్టింది. చరిత్ర చెప్పేవాళ్లు చాలావరకు ఇక్కడే మొదలుపెట్టి, ఘనతంతా ఇంటర్నెట్‌కు కట్టబెడతారు. నేను మాత్రం ఇంకో మూడేళ్లు వెనక్కి వెళ్లాలంటాను. ప్రోగ్రామర్లు సాఫ్ట్‌వేర్‌ను పంచుకునే తీరు చూసి, పాఠాలకూ అలాంటి ఏర్పాటు కావాలని 1998లో డేవిడ్ వైలీ అనే పరిశోధక విద్యార్థి ‘ఓపెన్ కంటెంట్’ లైసెన్సు రాశారు. 2002 డిసెంబరులో వచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఆ ఆలోచనను చట్టం ముందు నిలబడేలా చేశాయి. దాచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, మరోదానితో కలుపుకోవడం, పంచిపెట్టడం: ఈ ఐదింటికీ ముందే ఇచ్చేసిన అనుమతే ఈ వనరుల ప్రాణం.

పుస్తకం ఊరికే దొరికితే చాలదా అని అడగవచ్చు. దొరకడం చిన్న సంగతేమీ కాదు. జార్జియా విశ్వవిద్యాలయంలో 21,822 మంది ఫలితాలు పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కొనే పుస్తకం బదులు ఓపెన్‌స్టాక్స్ ఉచిత పుస్తకం వాడిన కోర్సుల్లో మార్కులు పెరిగాయి, తప్పినవాళ్లూ మధ్యలో మానేసినవాళ్లూ తగ్గారు. పేద విద్యార్థులకూ, పార్ట్‌టైమ్‌గా చదివేవాళ్లకూ మేలు మరింత ఎక్కువ. మొదటి క్లాసు నాటికే పుస్తకం చేతిలో ఉండటం ఇందుకు ఒక కారణమై ఉండాలి. కానీ చేతికొచ్చిందంతా తలకెక్కదు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన మన ఎన్‌పీటెల్ తొలి ఏళ్లలో వీడియోలు, నోట్సు అందించేది. 2014 నుంచి వారం వారం అసైన్‌మెంట్లు, చివర కేంద్రానికి వెళ్లి రాసే పరీక్ష చేర్చింది. పాఠం పక్కన గడువూ కావాలి, గురువూ కావాలి. ఉచిత పాఠాలొస్తే మాస్టార్లతో పనుండదన్న భయానికి అందుకే ఆధారం లేదు.

పీడీఎఫ్‌లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే, కాలేజీ గేటు ముందే జిరాక్సు షాపుంటే, ఈ లైసెన్సుల గొడవెందుకని మరో ఆక్షేపణ. జిరాక్సు హక్కు కోసమూ కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఒక షాపు మీద పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో దావా వేస్తే, బోధన కోసం నకళ్లు తీయడాన్ని చట్టం ఒప్పుకుంటుందని హైకోర్టు 2016లో చెప్పింది. మరుసటి ఏడాది సంస్థలు దావా వెనక్కి తీసుకున్నాయి. నాకు ఎంతో విలువైన తీర్పది. అయినా నకలు నకలే. అర్థంకాని ఇంగ్లిషు పేరాను జిరాక్సు తీస్తే అది అర్థంకాని ఇంగ్లిషు పేరాగానే వస్తుంది. తెలుగు మీడియంలో ఇంటరు చదివి డిగ్రీకొచ్చిన పిల్లలకు కావలసింది ఆ పేరా తెలుగులో, తమకు తెలిసిన ఉదాహరణతో. మార్పులకు ఒప్పుకునే క్రియేటివ్ కామన్స్ లైసెన్సున్న ఫిజిక్స్ పుస్తకమైతే, జిల్లా కాలేజీ లెక్చరర్ ఒక అధ్యాయం తీసుకుని తెలుగు చేసి, మంచుమీద జారే బండి లెక్క తీసేసి ఎడ్లబండి లెక్క పెట్టి, మూలరచయిత పేరూ లైసెన్సూ కింద వేసి, రేపటి క్లాసులో ఉచితంగా పంచవచ్చు. ఎవరికీ ఉత్తరం రాయనక్కర్లేదు.