ఒకే మనిషి, రెండు రిజిస్టర్లు: వికలాంగుల ఉద్యోగాల చరిత్రలో కులం

వికలాంగుల ఉద్యోగాల చరిత్ర చెప్పేవాళ్లు చాలావరకు కులం ఊసెత్తరు. దళిత ఉద్యమ చరిత్ర రాసే మనం కూడా వికలాంగుల సంగతి పక్కనబెడుతున్నాం. ఈ రెండు చరిత్రల నడుమ సందులో పడి కనబడకుండా పోతున్నది దళిత వికలాంగుడు, అంతకంటే ఎక్కువగా దళిత వికలాంగ స్త్రీ.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 1977లో 3 శాతం కోటా పెట్టారు. అంధులకు, బధిరులకు, కాళ్లూ చేతుల వైకల్యం ఉన్నవాళ్లకు తలా 1 శాతం. అదీ గ్రూప్ సి, డి పోస్టుల్లో మాత్రమే. అంటే ఆఫీసు గేటు దాకా రానిచ్చారు గాని, సంతకం పెట్టే కుర్చీ దాకా రానివ్వలేదు. ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలో ముందే తేల్చిపెట్టే పద్ధతి మనకు కొత్తదా? 1980 మార్చిలో ఉద్యోగాల కోసం ఢిల్లీలో ఊరేగింపు తీసిన అంధుల మీద పోలీసులు లాఠీచార్జి చేశారు. సివిల్ సర్వీసుల పరీక్షను బ్రెయిలీలోనో, వేరొకరి చేత రాయించుకునో రాసే హక్కు కూడా నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ సుప్రీంకోర్టు దాకా పోయి 1993లో సాధించుకున్నదే.

వికలాంగుల చట్టం 1995 డిసెంబర్‌లో పార్లమెంటులో పాసై, 1996 ఫిబ్రవరి 7న అమల్లోకొచ్చింది. చట్టమైతే వచ్చింది, ఉద్యోగాలు రాలేదు. "ఏ పోస్టులు వికలాంగులకు పనికొస్తాయో ఇంకా గుర్తించలేదు" అనే సాకుతో ఏళ్లు గడిపారు. ఆ సాకు చెల్లదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 3 శాతాన్ని గుర్తించిన పోస్టుల మీద కాదు, కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద లెక్కగట్టాలని 2013 అక్టోబర్ 8న మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 2016 చట్టం కోటాను 4 శాతానికి పెంచింది. ప్రైవేటు రంగానికొచ్చేసరికి కోటా లేదు, ప్రోత్సాహకాల మాట మాత్రం ఉంది. బ్యాక్‌లాగ్ పోస్టుల కోసం ధర్నాలు చేసిన దళిత ఉద్యోగులకు ఈ కథ వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఇందులో కులం ఎక్కడుంది? 2011 జనాభా లెక్కల ప్రకారం షెడ్యూల్డ్ కులాల్లో వికలాంగులు 2.45 శాతం, షెడ్యూల్డ్ తెగల్లో 2.05 శాతం, మిగతా వాళ్లలో 2.18 శాతం. దళితుల్లోనే ఎందుకు ఎక్కువ? తినే తిండి, తాగే నీళ్లు, అందని వైద్యం, చేసే పని, వీటిని వదిలేసి ఈ ప్రశ్నకు జవాబు వెతకలేం.

1992 నవంబర్ 16 నాటి ఇందిరా సహానీ తీర్పు రిజర్వేషన్లను రెండు రకాలుగా విడదీసింది. కులానిది నిలువు, వైకల్యానిది అడ్డం. వికలాంగుల కోటాలో ఎంపికైన మనిషి ఎస్సీ అయితే ఎస్సీ కోటాలో, జనరల్ అయితే జనరల్‌లో జమ అవుతాడు. పైకి ఇది న్యాయంగానే ఉంది. కానీ వికలాంగుల కోటాలో దళితులకు ఇంత అని ఈ సూత్రం విడిగా వాటా చెప్పదు. బ్రెయిలీ పుస్తకం, కోచింగ్, చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయే మనిషి ఉన్నవాడితో, ఇవేవీ లేని వాడపిల్లవాడు ఆ ఒక్క పోస్టు కోసం పోటీపడాలి.

2020లో ఆర్యన్ రాజ్ కేసులో వికలాంగులు కూడా సామాజికంగా వెనుకబడినవాళ్లేనని, ఎస్సీ, ఎస్టీలకిచ్చే మినహాయింపులు వాళ్లకూ దక్కాలని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మంచిదే. దళితులు పోరాడి వేసుకున్న మెట్టు ఇంకొకరికి ఆసరా అయింది. అయితే పోల్చడమంటే ఇద్దరు మనుషులున్నారని అనుకోవడమే గదా? ఆ ఇద్దరూ ఒక్కరే అయినప్పుడు ఏ రిజిస్టర్‌లో రాస్తారు?

పని చేస్తూ వికలాంగులైనవాళ్ల సంగతి చూద్దాం. 1995 చట్టం 47వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసెయ్యకూడదు. దీని బలంతోనే కాలు పోయిన ఒక కానిస్టేబుల్ 2003లో సుప్రీంకోర్టులో గెలిచాడు. 2016 చట్టంలోనూ ప్రభుత్వ సంస్థల వరకు ఈ రక్షణ ఉంది. మరి మురుగు కాలువలో దిగేవాడికి? అతడు కాంట్రాక్టర్ మనిషి. కాలో, చూపో పోతే అతన్ని పనిలో కొనసాగించే పూచీ ఎవరిది? మురుగు పనిలో శాశ్వత వైకల్యం పాలై బతుకుతెరువు పోయినవాళ్లకు కనీసం 20 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. పరిహారం కావాల్సిందే. కానీ పర్మనెంట్ ఉద్యోగికి కొలువు నిలుస్తుంది, సఫాయి కార్మికుడికి డబ్బు లెక్కగడతారు. ఈ తేడాను కులం తెలియకుండా అర్థం చేసుకోలేం.

తెలుగు నేలమీద ఈ రెండు దారులు ఒకసారి కలిశాయి. 1994లో దండోరా మొదలుపెట్టిన మంద కృష్ణ మాదిగే 2007లో వికలాంగుల హక్కుల పోరాట సమితికి నాయకత్వం వహించారు. పెన్షన్ల కోసం వేలమంది రోడ్డెక్కారు. ఆ కలయికను ఉద్యోగాల దాకా తీసుకుపోవడం మిగిలిపోయిన పని.

2015 డిసెంబర్‌లో ప్రధాని రేడియో ప్రసంగంలో వికలాంగులను "దివ్యాంగులు" అన్నారు. హరిజనులనే పేరుతో మనల్ని దేవుడికి అప్పజెప్పినవాళ్లను చూసినవాళ్లం, ఈ పేరు మార్పిడి మనకు తెలియనిది కాదు. మనం అడగాల్సింది పేరు కాదు, లెక్క. భర్తీ చేసిన ప్రతి వికలాంగ పోస్టు వివరం కులంతో, స్త్రీ పురుష భేదంతో సహా బయటపెట్టాలి. సఫాయి పనిలో గాయపడ్డ కాంట్రాక్టు కార్మికుడికి పర్మనెంట్ ఉద్యోగికున్న రక్షణే ఉండాలి. మన సంఘాలు, విద్యార్థులు ఈ రెండింటినీ ఒకే అర్జీలో రాయాలి.