కళ్ళజోడు తీస్తే సూపర్‌మాన్!

సూపర్‌మాన్ కథ విన్న ప్రతి ఇల్లాలికీ మొదట కలిగే సందేహం ఒక్కటే. క్లార్క్ కెంట్ అనే పత్రికా విలేఖరి కళ్ళజోడు పెట్టుకుంటే మామూలు మనిషి, తీసేస్తే సూపర్‌మాన్. రోజూ పక్కనే కూర్చుని పనిచేసే లోయిస్ లేన్ మాత్రం అతన్ని పోల్చుకోలేదు!

"ఇదేం చోద్యమే! మీ బాబాయి ముసుగు తన్ని పడుకున్నా సరే, దగ్గుని బట్టి పట్టేస్తాను నేను" అంది మా పిన్ని, మొన్న టీవీలో ఆ సినిమా మొదలవగానే.

ఈ చోద్యం 1938 నాటిది. ఆ ఏడాదే జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్ళ చేతుల్లో పుట్టిన సూపర్‌మాన్ అమెరికాలో బొమ్మల పుస్తకానికెక్కాడు. బొమ్మల్లో అయితే చిక్కు లేదు, గీసేవాడి ఇష్టం. తెర మీదకి వస్తేనే తంటా. 1950లలో టెలివిజన్‌లో ఆ వేషం కట్టిన జార్జ్ రీవ్స్, కళ్ళజోడు ఉన్నా లేకపోయినా ఇంచుమించు ఒకేలా ఉండేవాడు. చూసేవాళ్ళే పోనీలెమ్మని సర్దుకుపోయారు.

1970లలో ఈ కథని భారీ ఎత్తున తీయాలనుకున్నప్పుడు నిర్మాతల చూపు పెద్ద పెద్ద తారల మీదే ఉండేది. దర్శకుడు రిచర్డ్ డోనర్ మాత్రం కొత్తవాడే కావాలన్నాడు. తెలిసిన ముఖమైతే ఆకాశంలో ఎగిరేది సూపర్‌మాన్ అని ఎవరనుకుంటారు? ఫలానా హీరోగారు తాళ్ళకి వేలాడుతున్నారనుకుంటారు గాని!

మన లెక్క వేరు సుమండీ. 1980లో తెలుగులో 'సూపర్‌మాన్' తీస్తే ఆ వేషం యాభై దాటిన ఎన్.టి.రామారావుగారే వేశారు. శక్తులిచ్చింది సాక్షాత్తూ ఆంజనేయస్వామి. రాముడిగా, కృష్ణుడిగా చూసిన కళ్ళకి ఆయన ఎగిరితే ఆశ్చర్యమేముంది? తెలిసిన ముఖం కాబట్టే మనకి నమ్మకం. వాళ్ళకేమో తెలియని ముఖమైతేనే నమ్మకం.

సరే, హాలీవుడ్‌లో లిన్ స్టాల్‌మాస్టర్ అని ఒకాయన ఉండేవాడు. ఏ వేషానికి ఏ నటుడో కుదిర్చిపెట్టే పెళ్ళిళ్ళ పేరయ్య. ఆయన క్రిస్టఫర్ రీవ్ అనే ఇరవై నాలుగేళ్ళ నాటకాల కుర్రవాడి ఫొటో తెచ్చి కట్టలో పైన పెట్టేవాడు. వీళ్ళు తీసి అడుగున పెట్టేవారు. ఆయన మళ్ళీ పైన పెట్టేవాడు. చివరికి పిలిపించి చూస్తే, వంక ఏమిటో తెలుసా? పిల్లవాడు పీలగా ఉన్నాడని! అచ్చం మన పెళ్ళిచూపులే.

దుస్తుల లోపల మెత్తలు పెడదామంటే రీవ్ ఒప్పుకోలేదు. డేవిడ్ ప్రౌస్ అనే వస్తాదు దగ్గర కసరత్తు చేసి కండ పెంచాడు. సూపర్‌మాన్ తండ్రిగా కాసేపు కనిపించే మార్లన్ బ్రాండోకి 37 లక్షల డాలర్లూ, పైన వసూళ్ళలో వాటా. రెండు భాగాలకీ కలిపి రీవ్‌కి రెండున్నర లక్షలు. తెర మీద పేర్లలోనూ బ్రాండో, జీన్ హాక్‌మన్‌ల తరవాతే ఇతనిది.

1978 డిసెంబరులో సినిమా వచ్చింది. అందులో, లోయిస్ ఇంట్లో ఒక చిన్న సన్నివేశం ఉంది. ఆమె లోపలి గదిలో ఉంటుంది. నిజం చెప్పేద్దామని క్లార్క్ కళ్ళజోడు తీస్తాడు. ఒంగిన వెన్ను నిటారుగా లేస్తుంది, భుజాలు విచ్చుకుంటాయి, గొంతు బరువెక్కుతుంది. మన కళ్ళముందే మనిషి రెండంగుళాలు పెరిగినట్టుంటాడు. అంతలో ధైర్యం చాలక మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని ముడుచుకుపోతాడు. మంత్రం లేదు, తంత్రం లేదు, ఉన్నది నటన ఒక్కటే. నలభై ఏళ్ళ చోద్యానికి అక్కడ జవాబు దొరికింది.

చూడకముందే పెదవి విరవడం అక్కడితో ఆగలేదు. 1988లో బ్యాట్‌మాన్ వేషం మైకేల్ కీటన్‌కి ఇచ్చారని తెలియగానే స్టూడియోకి యాభై వేల ఉత్తరాలు వచ్చిపడ్డాయంటారు. ఉద్యోగం పోయి ఇంట్లో పిల్లల్నీ వంటనీ చూసుకుంటూ తిప్పలుపడే మొగుడి వేషంలో జనాన్ని నవ్వించినవాడు చీకట్లో దొంగల్ని హడలగొడతాడా అని! మరుసటి ఏడు సినిమా రానే వచ్చింది. ముసుగు ముఖాన్ని దాచేస్తే, కీటన్ గొంతు తగ్గించి, కళ్ళతో పని నడిపించాడు. ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసింది ఆ సినిమాయే.

రీవ్ కథ మాత్రం అలా సుఖంగా ముగియలేదు. 1995 మే నెలలో గుర్రం మీంచి పడి మెడ దగ్గర వెన్నెముక దెబ్బతింది. ఒళ్ళు కదలదు, ఊపిరికీ యంత్రమే ఆధారం. ఏ వెన్నుని నిటారుగా నిలిపి సూపర్‌మాన్ అయ్యాడో, ఆ వెన్నే పోయింది. అయినా 1998లో చక్రాల కుర్చీలోనే ఒక టెలివిజన్ చిత్రంలో, ముఖంతో గొంతుతో నటించి, తోటి నటుల సంఘం బహుమతి అందుకున్నాడు. భార్య డేనా కడదాకా వెంట నిలిచింది. 2004లో, 52 ఏళ్ళకి, రీవ్ వెళ్ళిపోయాడు.

ఇదంతా చెబుతూ ఆ సన్నివేశం వెనక్కి తిప్పి పిన్నికి మళ్ళీ చూపించాను. తెల్లగా నవ్వుతుందనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఆ పిల్ల గుర్తుపట్టకపోవడంలో తప్పేం లేదే" అంది చివరికి. "కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారి ముందు నేనూ ఇలాగే భుజాలు ముడుచుకుని తిరిగేదాన్ని. బళ్ళో పాఠం చెప్పేటప్పుడు చూసుంటే, ఆవిడ నన్ను గుర్తుపట్టేదే కాదు."