వాల్తేరు, హైదరాబాదు: రెండు విద్యాపీఠాల చెలిమి, స్పర్ధ

స్పర్ధ వల్ల విద్య వృద్ధి పొందుతుందని పెద్దలు అంటారు. ఆ మాట వినగానే తరగతిలో మొదటి స్థానం కోసం పోటీపడే పిల్లలు మన కళ్ళముందు మెదులుతారు. కాని విద్యాలయాలు కూడా పోటీపడతాయి. అందులో రెండు తెలుగు విశ్వవిద్యాలయాల పోటీ మన జిల్లాకు దూరపు కథ కాదు. 1956 నవంబరు 1వ తేదీ వరకు రాయచూరు జిల్లా హైదరాబాదు రాజ్యంలో భాగం. కళాశాల చదువుకు మన పిల్లలు వాడి మీదుగా రైలెక్కి హైదరాబాదు చేరేవారు. వారికి ఉస్మానియా సొంత విశ్వవిద్యాలయం. కృష్ణా, గోదావరీ తీరాల నుండి వచ్చి తుంగభద్ర కాలువల కింద క్యాంపులు వేసుకుని స్థిరపడిన రైతు కుటుంబాలకు మాత్రం విశ్వవిద్యాలయమంటే వాల్తేరే. ఆ ఇరుపక్షాల పిల్లలూ ఒకే బడి బల్లల మీద కూర్చున్న జిల్లా మనది.

ఇటువంటి స్పర్ధకు ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి. 1209లో ఆక్స్‌ఫర్డులో కలహాలకు జడిసి తరలిపోయిన పండితులే కేంబ్రిడ్జి విద్యాపీఠానికి అంకురార్పణ చేశారు. అంటే ప్రత్యర్థులిద్దరూ ఒక ఇంటివారే. 1829లో వీరి మధ్య మొదలైన పడవ పందెం మరింత ముచ్చటైనది. హారో పాఠశాలలో కలిసి చదువుకున్న ఇద్దరు మిత్రులలో చార్లెస్ వర్డ్స్‌వర్త్ ఆక్స్‌ఫర్డులోను, చార్లెస్ మెరివేల్ కేంబ్రిడ్జిలోను చేరారు. వారి పూనికతోనే కేంబ్రిడ్జి విద్యార్థులు ఆక్స్‌ఫర్డుకు సవాలు పంపారు. ఆ ఏడు జూన్ 10న థేమ్స్ నదిపై హెన్లీ వద్ద పందెం జరిగింది, ఆక్స్‌ఫర్డు గెలిచింది. ఓడిన పక్షమే మళ్ళీ సవాలు విసరాలన్నది ఆ పందెపు సంప్రదాయం. 1856 నుండి, యుద్ధకాలాలు, 2020 నాటి కోవిడ్ వంటి ఆటంకాలు మినహా, ఏటేటా జరుగుతున్నది. 1927లో మహిళల పందెం కూడా ఆరంభమైంది. ఇంత పేరు పొందిన స్పర్ధకు పునాది ఒక బడి స్నేహమన్న సంగతి మన పూర్వ విద్యార్థులకు నచ్చుతుందని నా నమ్మకం.

ఇక మన కథ. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆజ్ఞతో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. దేశభాష అయిన ఉర్దూలో ఉన్నతవిద్య గరపడం దాని ప్రత్యేకత. 1917లోనే ఒక అనువాద సంస్థను నెలకొల్పి చరిత్ర, గణితం, విజ్ఞానశాస్త్రాల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. అదే నగరంలోని నిజాం కళాశాల మాత్రం 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఆంగ్లంలోనే బోధించింది. కనుక స్పర్ధ మొదట హైదరాబాదు వీధుల్లోనే ఉండేదని చెప్పవచ్చు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడ కేంద్రంగా పుట్టింది. దానికి శాశ్వత స్థానం ఎక్కడ అన్న వివాదంలో బెజవాడ, రాజమండ్రి, విశాఖపట్నం, అనంతపురం పోటీపడ్డాయి. చివరకు 1930లో వాల్తేరుకు తరలింది. దత్తమండలాల కళాశాలలు మళ్ళీ మద్రాసు పరిధిలోకి వెళ్ళాయి. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో అనంతపురంలో కూడా ఒక విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాసుకోవలసి వచ్చిందంటే, ఆ కొరత ఎంత బలమైనదో ఊహించవచ్చు. మనకు పొరుగు జిల్లా అయిన బళ్ళారి కూడా నాడు దత్తమండలాలలోనిదే.

తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జిలో చదివినవారు. అక్కడి విద్యార్థుల చర్చాసభ అయిన యూనియన్‌కు ఉపాధ్యక్షులుగా ఎన్నికైన ప్రతిభాశాలి. మైసూరు సంస్థానంలో ఆచార్యులుగా, విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసినందువల్ల కన్నడ దేశానికీ ఆప్తులు. 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆయన రాజీనామా చేయగా, 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవి చేపట్టారు. 1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డుకు ఆచార్యులుగా వెళ్ళారు. కేంబ్రిడ్జి రెడ్డిగారు మళ్ళీ వాల్తేరు వచ్చి 1949 వరకు కొనసాగారు. ఆ రెండు ఇంగ్లీషు విద్యాపీఠాల స్పర్ధ వాల్తేరు కొండ మీద ఇలా చేతులు మార్చుకున్నదని సరదాగా అనుకోవచ్చు.

ఈ రెండింటి మధ్య అసలు పోటీ మైదానంలో కాదు, మార్గంలో. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమేనని ఉస్మానియా నిరూపించింది. కాని రాజ్యంలో అత్యధికులు మాట్లాడే తెలుగు, కన్నడ, మరాఠీలకు ఆ గౌరవం దక్కలేదు. వాల్తేరు ఆంధ్రుల పేరు పెట్టుకుంది. బోధన మాత్రం ఆంగ్లంలో సాగించింది. తెలుగు మాధ్యమ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా నా తీర్పు చెప్పవలసి వస్తే, ఇద్దరూ మన భాషకు ఆలస్యంగానే తలుపు తీశారంటాను. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఆంగ్లం వచ్చింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాతనే కళాశాల స్థాయికి తెలుగు పాఠ్యగ్రంథాలు ఒక క్రమంలో వెలువడ్డాయి. వాటి రచనలో ఉభయ విశ్వవిద్యాలయాల ఆచార్యులూ పాలుపంచుకున్నారు.

తెలుగు శాఖలను చూస్తే చెలిమి స్పష్టంగా కనిపిస్తుంది. గుంటూరు సీమకు చెందిన రాయప్రోలు సుబ్బారావు గారు ఉర్దూ మాధ్యమ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. వాల్తేరులో పింగళి లక్ష్మీకాంతం గారు తెలుగు శాఖను తీర్చిదిద్దారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థి అయిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో ఉస్మానియాకు వచ్చి భాషాశాస్త్ర శాఖను నిర్మించారు. వాల్తేరు విద్యార్థి హైదరాబాదుకు గురువయ్యాడు, ఎవరు గెలిచినట్లు?

ఏ విశ్వవిద్యాలయమైనా తన విద్యార్థులకే తలుపు మూసిన వేళ ఇంకొకటి ఏమి చేస్తుందన్నది అసలు పరీక్ష. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా వసతిగృహాల విద్యార్థులను వందలాదిగా బహిష్కరించారు. ఆ ఉద్యమం మన వైపు గుల్బర్గా కళాశాలకూ పాకింది. ఏడాది చదువు, ఆపై జీవితం చేజారే స్థితిలో ఉన్న ఆ యువకులను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది. తరువాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు ఆ సందర్భంలో నాగపూరు వెళ్ళి చదువుకున్నవారే. పొరుగు విద్యాపీఠం ఆనాడు పోటీని చూడలేదు, పిల్లలను చూసింది.

స్పర్ధ చెలిమిని మించిన కాలమూ ఉంది. 1969లో తెలంగాణా ఉద్యమానికి ఉస్మానియా విద్యార్థులు, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమానికి కోస్తా, రాయలసీమ విద్యార్థులు ముందు నిలిచారు. ఉద్యోగాల భయం, నీళ్ళ భయం, మాట పడిన బాధ అన్నీ కలిసి తరగతి గదులు మూతపడ్డాయి. ప్రాణాలూ పోయాయి. వారి ఆవేదనను ఇక్కడ తూచడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ కలతలను చల్లార్చేందుకు 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో ఒక సూత్రం, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం స్థాపించాలన్నది. 1974లో అది ఏర్పడింది. అన్ని ప్రాంతాల పిల్లలూ ఒకే ప్రాంగణంలో చదవడానికి వీలు కలిగింది. 1986 నుండి 1993 వరకు దానికి ఉపాధ్యక్షులుగా ఉన్నవారు మరెవరో కాదు, భద్రిరాజు కృష్ణమూర్తి గారే. 2014లో రాష్ట్రం రెండయ్యాక వాల్తేరు ఒక రాష్ట్రానికి, ఉస్మానియా మరొక రాష్ట్రానికి చెందాయి.

మన జిల్లా సంగతి వేరు. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసిన తరువాత ఇక్కడి కళాశాలలు ధారవాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం కిందికి వెళ్ళాయి. అన్న ఉస్మానియా పట్టభద్రుడు, తమ్ముడు ధారవాడ పట్టభద్రుడు అయిన కుటుంబాలు ఆ తరంలో ఏర్పడ్డాయి. ఏ పట్టా గొప్పదన్న వాదం భోజనాల వేళ సాగేదట; వదినగారు వడ్డన ఆపితే తప్ప ఆగేది కాదట. 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయం వచ్చింది. 2008లో ధారవాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుండి విడివడి రాయచూరుకు సొంత వ్యవసాయ విశ్వవిద్యాలయం దక్కింది. ఆ తరువాత 2020ల తొలి సంవత్సరాలలో, గుల్బర్గా నుండి వేరుపడి, రాయచూరు విశ్వవిద్యాలయమే నెలకొన్నది. పదవ తరగతి ముగించిన పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు నా గదిలో అడిగే ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది: కలబురిగా, ధారవాడా, హైదరాబాదా, అనంతపురమా? ఎక్కడ చేరినా పక్క విశ్వవిద్యాలయంలో మన బడి పిల్లలు ఎవరున్నారో ముందే కనుక్కుని, చిరునామా రాసుకుని వెళ్ళమని చెబుతూ ఉంటాను.