సిలికాన్, సిలికా, సిలికోన్: అంతరిక్ష కవచం వెనుక కథ

ఢిల్లీలో కోచింగ్ తీసుకుంటున్నవారు ఒక ఆదివారం తీన్‌మూర్తి ఆవరణలోని నెహ్రూ ప్లానిటోరియానికి వెళ్లి రండి. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మను భూమికి తెచ్చిన సోయుజ్ టి-10 క్యాప్సూల్‌ను అక్కడ ప్రదర్శనకు పెట్టారు. మాడిపోయిన దాని ఒళ్లు చూస్తే దెబ్బతిన్నదేమో అనిపిస్తుంది. నిజానికి కాలడమే ఉష్ణకవచం పని. పైపొర కాలిపోతూ వేడిని తనతోపాటు పట్టుకుపోతుంది. దీన్నే అబ్లేషన్ అంటారు.

మరి ఏది కాలితే మేలు? మామూలు ప్లాస్టిక్‌లో ఉండేది కార్బన్ గొలుసు. సిలికోన్‌లో సిలికాన్, ఆక్సిజన్ ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. కార్బన్-కార్బన్ బంధం తెగడానికి మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్లు చాలు, దీనికి 450 కావాలి. పైగా గాలిలో కాలాక సిలికా మిగులుతుంది. అంటే మన ఇసుకే!

తమాషా ఏమిటంటే, ఆ పేరు పెట్టిన ఫ్రెడరిక్ కిప్పింగ్‌కే దీనిమీద ఆశ లేదు. నాటింగ్‌హామ్‌లో దశాబ్దాలు శ్రమించిన ఆయనకు ప్రయోగాల్లో మిగిలే జిగురుముద్దలు చికాకుగానే తోచాయి. 1937లో కూడా ఈ రంగం త్వరలో ముందుకెళ్తుందని ఆయన అనుకోలేదు. మూడేళ్లు తిరగకుండానే జనరల్ ఎలక్ట్రిక్‌లో యూజీన్ రోకో రాగి ఉత్ప్రేరకంతో సులువైన తయారీ పద్ధతి కనిపెట్టారు. యుద్ధవిమానాలకు వేడి తట్టుకునే గ్రీజు కావాల్సివచ్చింది, 1943లో డౌ కార్నింగ్ పుట్టింది. 1965-66లో వ్యోమగాములను పదిసార్లు మోసుకెళ్లిన జెమినై నౌకల కవచంలో, తేనెపట్టు లాంటి గదుల్లో నింపింది సిలికోన్ రబ్బరునే. తర్వాత వచ్చిన అపోలో ఎపాక్సీ రకానికి మారింది.

ఇప్పుడు ప్రిలిమ్స్‌లో తడబడే చోటు. ఇస్రో 2007 జనవరి 10న పంపి, 22న బంగాళాఖాతంలో దించిన 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1కు ముక్కు దగ్గర కార్బన్-ఫినాలిక్, మిగతా ఒంటికి సిలికా పలకలు వాడారు. సిలికా పలక సెరామిక్. అది కాలదు, వేడిని లోపలికి పోనివ్వదు. స్టేట్‌మెంట్‌లో దాన్ని పాలిమర్ అని ఇస్తే తప్పు పెట్టండి.

ఈ రెండింటినీ కలిపే దారి 1975లో జపాన్‌లో దొరికింది. సెయిషి యాజిమా పాలీకార్బోసిలేన్ అనే సిలికాన్ పాలిమర్‌ను దారంగా తీసి, కాల్చి, సిలికాన్ కార్బైడ్ పోగుగా మార్చారు. అంటే పాలిమర్‌ను ఆకాశంలో కాలనివ్వకుండా ముందే కొలిమిలో కాల్చి సెరామిక్ చేయడమన్నమాట. తిరువనంతపురంలోని వీఎస్‌ఎస్‌సీ శాస్త్రవేత్తలూ ఇలాంటి పాలిమర్లపై పరిశోధన పత్రాలు వెలువరించారు.