ఊరొదిలి ఊరేలిన పదకొండు నెలలు

చీరాల దగ్గరి సముద్రపు ఊరు వాడరేవు ఉన్నచోటనే ఉంది, జిల్లాలే దాని మీదుగా వచ్చిపోయాయి. 1904లో ఏర్పడ్డ గుంటూరు జిల్లాలో, బాపట్ల తాలూకాలో ఉండేది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లాలో కలిసింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. అర్జీ చేతబట్టుకుని బస్సెక్కేవాడికి ఇది చిన్న సంగతేమీ కాదు. కానీ ఈ తీరంలో జనం సర్కారును కొలిచింది కచేరీ ఎంత దూరమని కాదు. పన్ను ఎవరు వేశారు, వేసేముందు ఎవరినడిగారు అనే లెక్కనే కొలిచారు.

ఆ లెక్క పాతదే. వాడరేవుకు దక్షిణాన, ఇదే ఇసుక తీరంలో మోటుపల్లి ఉంది. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం సముద్ర వ్యాపారులకిచ్చిన మాట. తుపానుకు ఓడ చితికి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే వెనకటి రాజులు దాన్ని తమదిగా లాగేసుకునేవారు. తాను సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని గణపతిదేవుడు రాయించాడు. సుంకం ముప్పయ్యో వంతు. రేటు రాతి మీద ఉంది గనుక రేపు మరో అధికారి వచ్చి ఇంకో అంకె చెప్పడానికి లేదు. నన్నడిగితే ఆ శాసనంలో దయాగుణం కంటే వ్యాపార జ్ఞానమే ఎక్కువ. భయపడ్డ ఓడ మళ్లీ ఈ రేవుకు రాదని రాజుకు తెలుసు.

ఆ పాటి తెలివి బ్రిటిష్ కాలపు మద్రాసు ప్రభుత్వానికి లేకపోయింది. వాడరేవు నుంచి గంటన్నర నడిస్తే చీరాల. పక్కనే పేరాల. రెండూ కలిపి అప్పట్లో పదిహేను వేల జనాభా. అందులో నేతగాళ్లు ఎక్కువ. యూనియన్ పంచాయతీగా ఉన్నంతకాలం పన్ను భరించగలిగినంతే ఉండేది. ఆ జంట ఊళ్లను మున్సిపాలిటీ చేయగానే అది అనేక రెట్లయింది. మున్సిపాలిటీ మాకొద్దని జనం మొరపెట్టుకున్నారు, వినలేదు. పన్ను కట్టమన్నారు, కట్టనివారిని జైలుకు పంపారు. జైలుకెళ్లిన వారిలో ఒక స్త్రీ కూడా ఉంది.

ఇంటి మీద పన్నుతో ఊరు భగ్గుమనడం మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో బ్రిటిష్‌వారు 1896లో లోపలి ప్రాంతాన్ని రక్షిత రాజ్యంగా ప్రకటించి, జిల్లాలుగా కోసి, ఒక్కో జిల్లాకు ఒక కమిషనర్‌ను కూర్చోబెట్టారు. 1898లో గుడిసెల మీద పన్ను వసూలు మొదలైంది. ‘నా ఇంట్లో నేనుండటానికి అద్దె కట్టాలా?’ అని అక్కడి పెద్దలకు అనిపించింది. బాయ్ బురే అనే నాయకుడు ఉత్తరాన నెలల తరబడి పోరాడాడు. చివరికి పట్టుబడి దేశాంతరం వెళ్లాడు. పన్ను మాత్రం ఆగలేదు.

చీరాలవాళ్లు తుపాకీ పట్టలేదు, ఊరే ఖాళీ చేశారు. వాళ్లను నడిపించిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినవాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవాడు. పాట, పద్యం, వేళాకోళం నాలుక మీదే ఉండేవి. కాషాయం కట్టి రుద్రాక్షలు వేసుకున్న రామదండు అనే సేవాదళం ఆయన వెంట నడిచేది. 1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా అహింసతో నిలబడటం ఒక దారి, మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం మరో దారి అన్నారు. ఏది చేసినా మీ పూచీ మీదే, కాంగ్రెసు సాయం ఆశించవద్దని కూడా తేల్చి చెప్పారు.

జనం రెండో దారి పట్టారు. ఏప్రిల్ చివరి రోజులవి. ఇసుకలో కాలు పెట్టలేని ఎండ. గోనెల్లో గింజలు మోయొచ్చు, కావిడిలో కుండలు మోయొచ్చు. గుంట మగ్గాన్ని ఎలా మోస్తారు? అది నేలలో దిగిన వస్తువు. పలకలు ఊడదీసి, కొత్త పాకలో మళ్లీ గుంట తవ్వి, పడుగు సరిచేసుకుంటే గానీ నాడె ఆడదు. అన్నాళ్లూ కూలి లేనట్టే. అయినా పదమూడు వేల మంది వరకూ కదిలారు. హద్దుకు అవతల వెలిసిన ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తి ఇక్కడే. ఊరు వదలడం ఆవేశంతో జరిగిపోతుంది. పదకొండు నెలలు ఊరు నడపడానికి ఆవేశం చాలదు. రామనగర్‌ను వాడలుగా విడదీసి, ఒక్కో వాడ నుంచి ప్రతినిధిని ఎన్నుకుని సభ చేసుకున్నారు. తగాదాలు తీర్చడానికి పంచాయతీ పెట్టుకున్నారు. కాపలా రామదండుది. మున్సిపాలిటీ కుర్చీలు చీరాలలోనే ఉన్నాయి, వాటి కింద ఉండాల్సిన జనం ఇక్కడున్నారు. సెప్టెంబరు చివర బరంపురంలో గోపాలకృష్ణయ్యను పట్టుకుని ఏడాది శిక్ష వేశారు. చేతిలో డబ్బాడలేదు, నడిపించే మనిషి జైల్లో ఉన్నాడు. 1922 మొదట్లో జనం పాత ఇళ్లకు తిరిగొచ్చారు. ఓడిపోయారనే చాలామంది రాశారు. కానీ ఓటు ఎరుగని కూలీనాలీ జనం అన్ని నెలలు తమ ఊరిని తామే నడుపుకోవడాన్ని ఓటమి ఖాతాలో ఎలా రాస్తాం?

అదే శీతాకాలంలో కాస్త ఎగువన, పెదనందిపాడు పరిసరాల్లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు ఆపేశారు. గ్రామాధికారులు రాజీనామా చేయడంతో గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్‌కు అసలు కష్టం వచ్చిపడింది. పుస్తకం రాసే కరణం, వసూలు చేసే మునసబు లేకపోతే కలెక్టరు హుకుం ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోతుంది.

సముద్రపు ఒడ్డున కరణం పుస్తకం ఎప్పుడూ అంతగా చెల్లలేదు. మత్స్యకార పల్లెల్లో కాపులనే ఊరి పెద్దల మాటే శాసనం. వారు దురాయి, అంటే కట్టడి, వేస్తే ఆ రోజు పడవ దిగదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట మానమని సర్కారు చెబుతుంది, 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది. వీటి పక్కనే కాపుల కట్టుబాటూ నడుస్తుంది. అది ఒక ఊరి వరకు బాగానే పనిచేస్తుంది. రెండు ఊళ్ల పడవలు ఒకే నీటి మీదికి వచ్చినప్పుడు ఎవరి కట్టుబాటు చెల్లాలి?

2020 డిసెంబరులో ఆ ప్రశ్నే కొట్లాటయింది. బల్లవల, ఐలవల వాడకం మీద వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారులు తలపడ్డారు. పోలీసులు దిగారు, అధికారులు, మంత్రులు చర్చలకు కూర్చున్నారు. ఎదుట రెండు ఊళ్ల పెద్దలు. వాళ్లు ఒప్పుకోకపోతే చట్టం కాగితం మీదే ఉంటుంది. సర్కారు లేకపోతే ఒక ఊరి దురాయి రెండో ఊరి పడవను ఆపలేదు.