నిలిచి చెప్పిన భారతం

భారతకథ తెలుగువారికి చదువుగా కంటె వినికిడిగానే ఎక్కువ పరిచితం. కవిత్రయ పద్యాన్ని పౌరాణికుడు చదివి అర్థం చెప్పగా విన్నవారే మన పూర్వతరాలలో అధికులు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఇదే కథ ‘పండవాని’ అనే గానరూపంలో జీవించింది. ఆ గానాన్ని దేశదేశాలకు కొనిపోయిన తీజన్ బాయిని గురించి వ్రాసేవారు సాధారణంగా ఆమె బిరుదులను లెక్కించి ఊరుకుంటారు. ఆమె చేసిన అసలు పని వేరు. కూర్చుండి పాడవలసిన స్త్రీ లేచి నిలుచున్నది. ఆ లేచి నిలుచుండడం ఎంత పెద్ద మాటో తెలియాలంటే ముందు ఆ గానపద్ధతిని గురించి కొంత చెప్పుకోవాలి.

పండవానిలో రెండు శాఖలున్నవి. వేదమతి శాఖ గాయకుడు గ్రంథాన్ని ప్రమాణంగా ఉంచుకొని, కూర్చుండి పాడతాడు. ఆ గ్రంథం వ్యాసభారతం కాదు. సబల్ సింగ్ చౌహాన్ దోహా చౌపాయిలలో రచించిన దేశభాషా భారతం. ఝాడూరామ్ దేవాంగన్ వంటి పెద్దలు ఈ మార్గంలో పేరుపొందారు. రెండవది కాపాలిక శాఖ. కపాలమంటే తల, తలలో నిలిచియున్న కథే ఇక్కడ ఆధారం. గాయకుడు నిలుచుండి, నడచి, అభినయించి, సందర్భాన్ని బట్టి పెంచి తగ్గించి చెప్పుకొంటాడు. స్త్రీలకు మొదటి మార్గమే తగినదని లోకం నిర్ణయించింది. గ్రంథం చాటున కూర్చున్న స్త్రీని సహించగలిగినవారు, రంగస్థలంపై భీముడై గర్జించే స్త్రీని సహించలేకపోయారు.

తీజన్ బాయి 1956లో భిలాయికి సమీపాననున్న గనియారీ గ్రామంలో, పార్ధీ కులంలో జన్మించింది. చాపలు, చీపుళ్లు అల్లి పొట్టపోసుకొనే కుటుంబం. బడి చదువు లేదు. మాతామహుడు బ్రిజ్‌లాల్ సబల్ సింగ్ భారతాన్ని పాడుతుండగా చాటుగా విని కంఠస్థం చేసింది. తరువాత ఉమేద్ సింగ్ దేశ్‌ముఖ్ వద్ద కొంత శిక్షణ పొందింది. ఆమెను ‘నిరక్షర గాయని’ అని మెచ్చుకొనేవారు ఈ సంగతిని గమనించరు. ఆమె భారతం గాలిలోనుండి పుట్టలేదు. గ్రంథంనుండి తాత నోటికి, ఆ నోటినుండి మనుమరాలి చెవికి దిగివచ్చింది. అనువాదకులమైన మనకు ఈ ప్రయాణం కొత్తది కాదు.

పదమూడవ ఏట, చంద్రఖురీ అనే గ్రామంలో పది రూపాయల పారితోషికానికి ఆమె తొలిసారి పాడింది. అప్పటికే ఆమెకు వివాహమైంది. ఆడది పాడినందుకు కులం ఆమెను వెలివేసింది. చిన్న గుడిసె కట్టుకొని, ఇరుగుపొరుగువారిని గిన్నెలూ గింజలూ అడిగి తెచ్చుకొని ఒంటరిగా కాలం గడిపింది. పాట మాత్రం మానలేదు.

ఇక ఆమె ప్రదర్శనను గురించి. ఒక చేత నెమలిపింఛాలు కట్టిన తంబురా, రెండవ చేత కరతాళాలు. వెనుక హార్మోనియం, తబలా వాయించే బృందం. పక్కన ‘రాగీ’ అనే సహచరుడు కథకు ఊకొడుతూ, ప్రశ్నిస్తూ, శ్రోతల సందేహాలను తానే అడుగుతుంటాడు. బుర్రకథ ఎరిగిన తెలుగు పాఠకునికి తంబురా భుజాననున్న కథకుడు, ఇరువైపుల వంతపాటగాండ్రు వెంటనే స్ఫురిస్తారు. ఐతే మన కథకునికి తంబురా చాలావరకు వాద్యమే. తీజన్ బాయి చేతిలో అది క్షణానికొక వస్తువు: భీముని గద, అర్జునుని ధనుస్సు, ఇంతలోనే ద్రౌపది కేశపాశం. దుశ్శాసన వధ ఆమెకు మిక్కిలి కీర్తి తెచ్చిన ఘట్టం. పండవానిలో నాయకుడు భీముడే. ధర్మరాజు ధర్మసూక్ష్మాలకంటె భీముని కోపం పల్లె ప్రజలకు దగ్గరగా తోచడంలో వింత లేదు. (కీచకవధను తెలుగు రంగస్థలం ఎంత ఆదరించిందో జ్ఞాపకముంచుకొంటే మనకూ తోచక మానదు.) కాని అవమానం పొందిన ద్రౌపదిని, పగ తీర్చుకొనే భీముని ఒకే స్త్రీ, ఒకే శరీరంతో చూపినప్పుడు ఆ ఘట్టం అర్థమే మారుతుంది. నా ఉద్దేశంలో ఇది కేవలం అభినయ కౌశలం కాదు, భారతానికి ఒక వ్యాఖ్యానం. వ్యాఖ్యాతలను పేర్కొనే మన సాహిత్య చరిత్రలలో ఆమెకు చోటు లేకపోవడం లోపమే.

రంగస్థల దర్శకుడు హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించిన తరువాత దారి విశాలమైంది. శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ ధారావాహికద్వారా 1988లో దేశమంతా ఆమెను చూచింది. ఎన్నో విదేశాలలో పాడింది. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం కూడా చేసింది. సంగీత నాటక అకాడమీ పురస్కారం 1995లో, పద్మభూషణ్ 2003లో, జపాను దేశపు ఫుకువోకా బహుమతి 2018లో, పద్మవిభూషణ్ 2019లో వచ్చినవి.

ఆమె పాటను అచ్చులోనికి తేదలచినవారికి ఒక చిక్కున్నది. కాపాలిక గానంలో ఒకనాటి పాఠం మరొకనాటికి ఉండదు. రాగీ వేసిన ప్రశ్న, సభలో లేచిన నవ్వు, తంబురా నేలకు తగిలిన క్షణం, ఇవన్నీ కథలో భాగాలే. మాటలను మాత్రమే ఏరి పుస్తకం చేస్తే, సబల్ సింగ్ గ్రంథంనుండి విడిపడి వచ్చిన కథను తిరిగి గ్రంథంలోనే బంధించినట్లవుతుంది. ఐనను ఆ ప్రయత్నం మానవలసిన పనిలేదు. రాగీ పలుకులనైనా వదలకుండ, ప్రదర్శన జరిగిన ఊరు, రోజు పేర్కొంటూ అచ్చువేయవచ్చును.

తీజన్ బాయి తరువాతి తరంలో రీతూ వర్మ వేదమతి మార్గంలో కూర్చుండి పాడి పేరు తెచ్చుకొన్నది. తీజన్ బాయి వద్ద శిక్షణ పొందిన ఉషా బార్లే నిలుచుండి పాడే కాపాలిక మార్గాన్నే ఎన్నుకొని, 2023లో పద్మశ్రీ అందుకొన్నది.