వామనగుంటల పీట



బెల్‌ఫాస్ట్ అనగానే 1911లో ఇక్కడ జలప్రవేశం చేసిన టైటానిక్ గుర్తుకు వస్తుంది. ఆ ఉక్కునౌకను తీర్చిదిద్దడంలో ఈ నగరపు వడ్రంగుల శ్రమ కూడా ఉన్నది. ఆ వడ్రంగుల ఊరిలో పెరుగుతున్న మీకు, మన తెలుగు వడ్రంగులు తరతరాలుగా చేస్తూ వచ్చిన ఒక చిన్న కానుకను గూర్చి చెప్పవలెనని ఈ వ్యాసం.

అది వామనగుంటల పీట. కొందరు ఓమనగుంటలు అంటారు. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలలో 14 గుంటలు తొలిచిన కొయ్య అది. కొన్ని పీటలు చేప ఆకారంలో ఉంటాయి. గుంటకు నాలుగో ఐదో చింతపిక్కలు గాని గవ్వలు గాని పోస్తారు. ఒక గుంటలోనివి తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా పంచుతూ పోవాలి. చేయి ఖాళీ కాగానే ఆ పక్క గుంట తీసి మళ్లీ పంచాలి. ఆ గుంట ఖాళీగా ఉంటే దాని ఆవలి గుంటలోని పిక్కలు మీవే. ఇంటింటికీ కొద్దిపాటి తేడాలున్నా ఆట మూలం ఇదే. శివరాత్రి జాగరణలో నిద్రను ఆపిన ఆటలలో ఇదొకటి.

ఈ కుటుంబానికి చెందిన ఆటను తమిళులు పల్లాంగుళి అంటారు. ఆఫ్రికాలో ఇది ఎన్నో పేర్లతో వర్ధిల్లింది. బానిసలుగా ఓడలెక్కించబడిన ఆఫ్రికా ప్రజలు పీటలను వెంట తీసుకొని పోలేకపోయారు. అయినా ఆట వారి జ్ఞాపకంలో కరీబియన్ దీవులు చేరింది. ఆంటిగ్వాలో నేటికీ 'వారి' అనే పేరుతో ఆడుతున్నారు. కొయ్య పోయినా ఆట నిలుస్తుంది. ఆడేవారు పోతే, ఎంత అందమైన పీట అయినా గోడకు అలంకారమే.

అందుచేత నా మనవి ఒక్కటే. ఈ ఏడాది మీ చెల్లెలికో స్నేహితునికో ఒక పీటను మీరే తయారుచేసి ఇవ్వండి. పగుళ్లు లేని, బాగా ఆరిన కొయ్య ఎంచుకోండి. గుంటల స్థానాలు ముందుగా గీసుకొని, గుండ్రటి మొన గల ఉలితో కొద్దికొద్దిగా తొలవండి. అడుగు నునుపుగా, గిన్నెలా ఉండాలి. అప్పుడే పిక్కలు నడుమకు చేరి నాలుగు వేళ్లకు అందుతాయి. గుంటకు ఐదు చొప్పున 70 పిక్కలు కావాలి. ఇంట్లో పులిహోరకు చింతపండు పిసికినప్పుడల్లా పిక్కలు కడిగి ఆరబెట్టి దాచుకోండి.

పని ముగిసే ముందు మీ అమ్మమ్మకో నాయనమ్మకో ఫోను చేసి, "మన ఇంట్లో ఎట్లా ఆడేవారు?" అని అడగండి. ఆమె చెప్పిన నియమాలను, ఆమె ఊరి పేరును పీట అడుగున తెలుగులో రాయండి. కానుక ఇచ్చిన రోజున ఎదురుగా కూర్చొని మొదటి ఆట మీరే ఆడండి.

పీట ఇచ్చి వెళ్లిపోతే కానుక సగమే. ఆట నేర్పినప్పుడే అది పూర్తి అవుతుంది.